చిక్కిపోయిన బిడ్డకు గొట్టం ద్వారా ఆహారం: భయమెందుకు?

దీర్ఘవ్యాధితో బాధపడే బిడ్డ ఉన్న ఇంట మందుల చింత కంటే తిండి చింతయే పెద్దది. మస్తిష్క పక్షవాతం, తరచుగా వచ్చే మూర్ఛలు, పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి వంటి వాటిలో బిడ్డ నెలల తరబడి బరువు పెరగడు. ముద్ద నోట పెడితే దగ్గు వస్తుంది, పొలమారుతుంది. ఒక్కొక్క భోజనానికి గంట గడుస్తుంది. అట్టి స్థితిలో పిల్లల వైద్యుడు ముక్కు ద్వారా కడుపులోనికి సన్నని గొట్టం వేసి ఆహారం ఇవ్వవలెనని చెప్పగానే ఇంటిల్లిపాదీ తల్లడిల్లుతారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల తల్లిదండ్రులు ఈ సందర్భంలో సాధారణంగా మూడు మాటలు అంటారు. నోటితో తినని తిండి వంటబట్టదనేది మొదటిది. ఒకసారి గొట్టం వేస్తే బిడ్డ ఇక నోటితో తినడనేది రెండవది. గొట్టం వద్దు, ఆయుర్వేదంలో ఆకలి పుట్టించే లేహ్యం ఏదైనా ఇవ్వండి అనేది మూడవది. తండ్రి గల్ఫ్ దేశంలో ఉంటే ఆయన ఫోనులో ఒప్పుకొనే వరకు నిర్ణయం వాయిదా పడుతుంది. ఈలోగా బిడ్డ మరింత చిక్కిపోతాడు. కనుక ఈ మూడు మాటల్లోని నిజానిజాలను విచారించడం అవసరం.

శాస్త్రం చెప్పినది

బాలవైద్యానికి ప్రమాణమైన కాశ్యపసంహితలో ఫక్కరోగమనే ప్రకరణం ఉన్నది. నేపాళంలో లభించిన తాళపత్ర ప్రతి ఆధారంగా పండిత హేమరాజశర్మ సంపాదకత్వంలో ఈ గ్రంథం 1938లో ముద్రితమైంది. ఏడాది నిండినా నడవలేని శిశువును కశ్యపుడు ఫక్కుడని పేర్కొని, క్షీరజం, గర్భజం, వ్యాధిజం అని మూడు భేదాలు చెప్పాడు. వీటిలో వ్యాధిజ ఫక్కమే మన ప్రస్తుత విషయం. పిరుదులు, తొడలు, చేతులు ఎండిపోయి, పొట్ట, తల మాత్రం పెద్దవిగా కనిపించే శిశువును ఆయన వర్ణించాడు. నడక నేర్పడానికి మూడు చక్రాల ఫక్కరథాన్ని కూడా విధించాడు. అనగా వ్యాధి వల్ల కృశించిన బిడ్డను దిష్టి అనీ, పక్షిదోషమనీ విడిచిపెట్టక చికిత్స చేయవలెననేది ప్రాచీనుల మాటయే. ఇట్టి బిడ్డలకు వాతలు పెట్టించడం పోషణ కాదు, హింస.

కృశించినవారికి పోషణనిచ్చేదే అయినా తేలికగా జీర్ణమయ్యే ఆహారం ఇవ్వవలెనని చరకుడు చెప్పాడు. శోధన చికిత్స తరువాత అగ్ని మందగించి ఉన్నప్పుడు పేయతో ఆరంభించి, విలేపి, యూషం మీదుగా క్రమంగా సాధారణ భోజనానికి తీసుకురావలెనన్నాడు. ఇదే సంసర్జనక్రమం. చిన్న నిప్పును గడ్డి, పిడకలతో కొంచెం కొంచెంగా రాజేసినట్లు జఠరాగ్నిని పెంచవలెననేది ఆయన ఉపమానం.

ఈ సూత్రాలు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారానికి కూడా వర్తిస్తాయి. సుశ్రుతుడు ఇరవై రకాల నాడీయంత్రాలను పేర్కొన్నాడు. అయితే నేటి ముక్కు గొట్టం మన గ్రంథాల్లోనే ఉన్నదనడం న్యాయం కాదు. 1790లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు మింగలేని రోగికి పాముచేప చర్మం తొడిగిన గొట్టంతో ఆహారం అందించాడు. పొట్టపై చిన్న రంధ్రం చేసి, లోచూపు పరికరం సాయంతో గొట్టం అమర్చే నేటి పద్ధతిని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులు మొదట ఒక పసిబిడ్డకే చేశారు. మంచి ఉపాయం ఎక్కడ పుట్టినా గ్రహించడం వైద్యధర్మం.

మూడు మాటలకు సమాధానం

మొదటిది: నోరు ఆహారానికి ద్వారం మాత్రమే. జీర్ణక్రియలో అధికభాగం కడుపులో, చిన్నప్రేవుల్లో జరుగుతుంది. గొట్టం ఆహారాన్ని ఆ స్థానానికే చేర్చుతుంది. కాబట్టి తిండి వంటబడుతుంది.

రెండవది: మింగడం సురక్షితం కాని బిడ్డకు బలవంతంగా తినిపిస్తే ఆహారం శ్వాసనాళంలోనికి జారి న్యుమోనియా కలుగుతుంది. ప్రతి భోజనం దగ్గుతో, ఏడుపుతో ముగిస్తే బిడ్డకు తిండి అంటేనే భయం పుడుతుంది. గొట్టం ద్వారా బలం చేకూరిన తరువాత, మింగే శక్తిని పరీక్షించి, కొందరికి మళ్లీ నోటి ఆహారం అలవాటు చేయవచ్చు. కొందరికి గొట్టం దీర్ఘకాలం అవసరమవుతుంది. ఇది ముఖ్యంగా బిడ్డ వ్యాధిని బట్టి ఉంటుంది.

మూడవది: ఆకలి లేకపోవడం వేరు, మింగలేకపోవడం వేరు. మొదటిదానికి దీపనౌషధాలు ఉన్నవి. నాడీదోషం వల్ల మింగలేని గొంతును ఏ లేహ్యమూ సరిచేయదు. లేహనానికి అర్హులైన శిశువులను చెప్పిన కశ్యపుడే అనర్హులను కూడా పేర్కొన్నాడని మరువరాదు. ఇట్టి బిడ్డకు బలం వస్తుందని నోటిలో నెయ్యి, ముక్కులో నూనె, గొంతులో ఆముదం పోయడం మిక్కిలి ప్రమాదకరం. జిడ్డు పదార్థం దగ్గు పుట్టించకుండానే ఊపిరితిత్తుల్లోనికి జారి అక్కడ నిలిచిపోతుంది. ఏడాది లోపు శిశువుకు తేనె అసలే కూడదు.

గొట్టం ఎప్పుడు అవసరం?

తినేటప్పుడు తరచుగా పొలమారడం, భోజనవేళ ముఖం నీలిరంగుకు మారడం, మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం, ప్రతి భోజనానికీ అరగంటకు మించి సమయం పట్టడం, రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోవడం ముఖ్యమైన సూచనలు. ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు బిడ్డ భుజం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే అది తీవ్రమైన పోషణలోపం. ఈ కొలత తీసే టేపు అంగన్‌వాడీలో ఉంటుంది.

కొద్ది వారాలకైతే ముక్కు గొట్టం చాలును. నెలల తరబడి అవసరమనుకుంటే పొట్టపై అమర్చే గొట్టం బిడ్డకు సుఖకరం. ముఖంపై ప్లాస్టరు ఉండదు, మాటిమాటికి ఊడిపోదు.

కడుపు నిండినా ఒళ్లు నిండదేల?

గొట్టం వేసిన తరువాత కూడా కొందరు బిడ్డలు బరువు పెరగరు. ఇందుకు ముఖ్యకారణం పలుచని ఆహారం. శిశువు కడుపులో ఒకసారికి కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. 6 కిలోల బిడ్డకు అది 180 మిల్లీలీటర్లు. ఆ చోటును బియ్యపు గంజితేటతో నింపితే దక్కే శక్తి అత్యల్పం. అదే పరిమాణం ఆవుపాలలో సుమారు 115 కిలోకేలరీలు ఉంటుంది. చెంచాడు నూనె, అనగా 5 గ్రాములు, మరో 45 కిలోకేలరీలు చేర్చుతుంది.

అట్లని జొన్నగట్కనో, మక్కగట్కనో, అంగన్‌వాడీవారిచ్చే బాలామృతాన్నో చిక్కగా కలిపి గొట్టంలో పోస్తే గొట్టం మూసుకుపోతుంది. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించిన రాగుల పిండి చిటికెడు గోరువెచ్చని చిక్కని జావలో కలిపితే, అందులోని పాచకద్రవ్యం వల్ల నీరు చేర్చకుండానే జావ పలుచబడుతుంది. తరువాత దానిని మళ్లీ ఉడికించి, వడకట్టవలెను. అయినప్పటికీ ఏ పదార్థం ఎంత, రోజుకు ఎన్నిసార్లు అనేది ఆస్పత్రి ఆహారనిపుణురాలు రాసి ఇచ్చిన పట్టిక ప్రకారమే జరగవలెను. గుండెజబ్బు ఉన్న బిడ్డకు ద్రవాల మితి, మూత్రపిండ వ్యాధిలో ఉప్పు, మాంసకృత్తుల మితి ఉంటాయి. ఒకరి పట్టిక మరొకరికి పనికిరాదు.

తొందర ప్రాణాంతకం

చాలాకాలం పస్తున్న దేహానికి ఒక్కసారిగా పుష్టికరమైన ఆహారం ఇస్తే రక్తంలోని భాస్వరం, పొటాషియం వంటి లవణాలు హఠాత్తుగా తగ్గి గుండె గతి తప్పవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945 ప్రాంతంలో, ఆకలితో అలమటించి విడుదలైన బందీలలో కొందరు తిండి దొరికిన తరువాత మరణించడానికి కారణం ఇదే. కనుక మిక్కిలి చిక్కిన బిడ్డకు మొదటి దినాలు ఆస్పత్రిలోనే, కొద్ది పరిమాణంతో ఆరంభించవలెను. సంసర్జనక్రమంలోని వివేకం ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. మొదటి వారంలో పాదాల వాపు, మగత, ఆయాసం కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలుపవలెను.

ఆస్పత్రిలో పోషణలోపం నుండి కోలుకొనే శిశువు రోజుకు కిలో బరువుకు 5 నుండి 10 గ్రాములు పెరిగితే మధ్యస్థం, 10కి మించితే ఉత్తమం అంటారు. దీర్ఘవ్యాధి ఉన్న బిడ్డ ఇంట్లో ఇంతకంటే నెమ్మదిగా పెరగవచ్చు. వారానికి ఒకసారి, ఒకే త్రాసుపై, ఒకే వేళలో తూచి రాసి పెట్టవలెను. కదలలేని బిడ్డకు శక్తి అవసరం తక్కువ. ఈడు పిల్లలతో సమానంగా లావెక్కించాలని చూస్తే ఎత్తి దించే తల్లి నడుముకూ, బిడ్డ శ్వాసకూ అది భారమే.

ఇంట్లో పాటించవలసిన నియమాలు

1. ఆహారం పోసే ప్రతిసారి ముందుగా ముక్కు వద్ద గొట్టంపై ఉన్న గుర్తును చూడవలెను. ఆస్పత్రిలో నేర్పిన విధంగా సిరంజితో కొద్దిగా ద్రవం లాగి, ఆమ్లతను తెలిపే కాగితంతో పరీక్షించవలెను. అది 5.5 లేదా అంతకు తక్కువ చూపితే గొట్టం కడుపులో ఉన్నట్లు భావించవచ్చు. అనుమానం ఉంటే చుక్క కూడా పోయరాదు.

2. బిడ్డ తల, ఛాతీ ఎత్తుగా ఉండేట్లు కూర్చోబెట్టవలెను. ఆహారం ముగిసిన తరువాత కనీసం అరగంట అట్లే ఉంచవలెను. దగ్గు, ఆయాసం, నీలిరంగు కనిపిస్తే వెంటనే ఆపి, ఆస్పత్రికి తీసుకుపోవలెను. 108కు ఫోను చేయడానికి సందేహించరాదు.

3. ఆహారానికి ముందు, తరువాత వైద్యుడు చెప్పిన కొలతలో కాచి చల్లార్చిన నీటితో గొట్టాన్ని కడగవలెను. మూసుకుపోతే గోరువెచ్చని నీటితో మెల్లగా ప్రయత్నించవచ్చు, తీగతో పొడవరాదు. ఊడిపోతే శిక్షణ లేనివారు తిరిగి వేయరాదు.

4. కోరుట్ల, జగిత్యాల ఇండ్లలో బీడీలు చుట్టే తల్లులు ఎందరో ఉన్నారు. తంబాకు తాకిన చేతులను సబ్బుతో బాగుగా కడిగిన తరువాతనే సిరంజిని, గొట్టాన్ని ముట్టవలెను. బిడ్డ పక్కను తంబాకు చాటకు దూరంగా ఉంచవలెను. సిరిసిల్లలో సాంచాల షెడ్డు ఇంటిని ఆనుకొని ఉంటే, నూలుధూళి రాని గదిలో ఆహారం తయారుచేసి, మూత పెట్టవలెను.

5. ఇంట్లో చేసిన ఆహారాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదు. మన ఎండాకాలంలో అంతసేపు కూడా తగదు, ఏ పూటకు ఆ పూట చేయడం మేలు.

6. చూర్ణాలు, భస్మాలు, లేహ్యాలు గొట్టంలో వేయరాదు. అరవిందాసవం వంటి ఆసవాల్లో సహజంగా పుట్టిన మద్యాంశం ఉంటుంది. మూర్ఛలకు మందులు వాడే బిడ్డకు వైద్యుని అడగకుండా ఇవ్వరాదు. మూర్ఛ మందులను ఏ కారణం చేతను ఇంట్లోవారు ఆపరాదు.

ఆయుర్వేదం చేయగల సాయం

జగిత్యాల ప్రాంతం నువ్వుల పంటకు పేరుపొందింది. ఆ నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, జ్వరం లేని రోజుల్లో, ఆహారానికి ముందు కాళ్లకు, చేతులకు మృదువుగా అభ్యంగం చేయవచ్చు. బిగుసుకున్న అవయవాలకు హాయి కలుగుతుంది, నిద్ర పడుతుంది. దానివల్లనే బరువు పెరుగుతుందని మాత్రం అనుకోరాదు. నోటితో తినని బిడ్డకు కూడా ఉదయం, రాత్రి తడిగుడ్డతో పళ్లు, చిగుళ్లు, నాలుక తుడవవలెను. వైద్యుడు అనుమతిస్తే నాలుకకు రుచి మాత్రం చూపవచ్చు. అందరూ అన్నం తినే వేళకే బిడ్డకూ గొట్టం ద్వారా ఆహారం ఇచ్చి, పక్కనే కూర్చోబెట్టుకొంటే పంక్తిలో వాడికీ చోటు ఉంటుంది.

ఎక్కడ చూపించవలెను?

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తాయి. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. అంతకు మించిన చికిత్సకు హైదరాబాదులోని నిలోఫర్ ఆస్పత్రి ఉన్నది. పోయేటప్పుడు బరువు రాసిన పుస్తకాన్ని, ఒక్కొక్క భోజనానికి పట్టిన సమయాన్ని, దగ్గు వచ్చిన వేళలను రాసి తీసుకుపోవలెను. దూరదేశంలో ఉన్న తండ్రికి కూడా ఆ అంకెలనే చదివి వినిపించవలెను. వాటిని విన్న తరువాత నిర్ణయం తేలిక అవుతుంది.

గొట్టం వేయించిన తల్లి బిడ్డకు అన్నం పెట్టలేకపోయానని కుమిలిపోనవసరం లేదు. గొంతు మూసిన దారిని తప్పించి, బిడ్డ కడుపుకు అన్నం చేర్చుతున్నది ఆమె చేతులే.