కొండదారిలో సైకిలు పందెం

సైకిలు పందెంలో ముందున్నవారు గాలిని చీల్చుకొని పోతుండగా వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. అందువల్ల సమతలంపై ఒంటరిగా సాగేవారిని గుంపు అవలీలగా అందుకొంటుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గి, ఈ ఆసరా సన్నగిల్లుతుంది. బలవంతులు విడివడగలిగేది అక్కడే.

2021లో జరిగిన 137 కిలోమీటర్ల టోక్యో ఒలింపిక్ మహిళల పందెం ఇందుకు నిదర్శనం. ఆస్ట్రియా గణితశాస్త్రవేత్త అన్నా కీసెన్‌హోఫర్ ఆరంభంలోనే మరి నలుగురితో ముందుకు సాగిపోయారు. కగొసాకా కనుమ ఎక్కుతూ, గమ్యం ఇంకా 41 కిలోమీటర్లుండగా, చివరకు మిగిలిన ఇద్దరినీ వెనుకవేశారు. ఆ పందెంలో క్రీడాకారిణులకు రేడియో సమాచారం లేదు. గుంపు ఆ ఇద్దరినీ అందుకొని, ఇక ముందెవరూ లేరనుకొంది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ వ్ల్యూటెన్ 75 సెకన్ల తరువాత గమ్యం చేరి, స్వర్ణం తనదేనని చేతులెత్తారు; దక్కినది రజతం. కొండదారి పందెంలో బలంతోబాటు, ముందెందరున్నారన్న లెక్కా తప్పరాదు.