పెరటి పూలమొక్కలు – వసంతపు గాలులు

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వసంతఋతువు ప్రవేశించునని పంచాంగము చెప్పుచున్నది. బెజవాడకును బందరుకును నడుమనున్న మా ఉయ్యూరులో పెరటిమొక్కలు ఆ తిథి కొరకు వేచియుండవు. మాఘ శుద్ధ ఏకాదశికి వీరమ్మతల్లి తిరునాళ్ళు మొదలై, ఊరు జనముతో నిండియుండు దినములలోనే మల్లెపొదలపై లేతచిగురు కనబడును. తెల్లవారుజామున చెరకుతోటలపై మంచు పరచుకొనియుండును. మధ్యాహ్నమునకు ఒంటిపై గుడ్డ చెమటకు తడియును. ఉదయము చూచినవారు శీతకాలమందురు, మధ్యాహ్నము చూచినవారు వేసవి యందురు. ఇట్టి దినములలో పెరటిమొక్క దేనిని నమ్మి పూయును? దేనిని నమ్మి మనము దానికి నీరు పోయవలెను? మేము కొన్ని సంవత్సరములుగా మా పెరటిలో గమనించి వ్రాసికొన్న సంగతులను బట్టి ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ప్రయత్నింతుము.

ముందుగా గాలుల సంగతి. సంక్రాంతి నాటికి మనకు వీచునది ఈశాన్యపు గాలి. ఫాల్గుణము వచ్చుసరికి అది సన్నగిల్లి, దక్షిణమునుండియు ఆగ్నేయమునుండియు గాలి తిరుగును. కవులు మలయమారుతమని కీర్తించిన దక్షిణపు గాలి మన డెల్టాకు చేరునప్పటికి సముద్రపు తేమను మోసికొని వచ్చును. ఎండ ముదిరిన కొలదియు పడమటి మెట్టభూముల మీదుగా పొడిగాలి బయలుదేరును. ఈ రెండు గాలులలో ఏది పైచేయి యగునో, ఆ దినపు తీరు దానిని బట్టి యుండును. సముద్రపు గాలి వేళకు వచ్చినచో సాయంకాలము హాయి. అది రాక పడమటి గాలియే నిలిచినచో వడగాడ్పు. రెండును ఎదురుపడి, నేలవేడికి తేమగాలి పైకెగసినప్పుడు ఉరుములతో జల్లు కురియును. ఒక్కొక్కప్పుడు వడగండ్లును పడును. వసంతమున మన ఆకాశము చంచలమగుటకు కారణమిదియే.

మొక్కలన్నియు ఈ చంచలత్వమును ఒకే విధముగ గ్రహింపవు. చామంతి ఎండను గాని వానను గాని అంతగా లెక్కచేయదు. అది రాత్రి నిడివిని గమనించును. 1920 లో గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక రకపు పొగాకు పగటి కాలము తగ్గినగాని పూయదని ప్రకటించిరి. చామంతిదియు అదే స్వభావము. మన ప్రాంతమున డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు, జూనులో సుమారు 13 గంటలు. ఈ స్వల్పభేదమే దానికి చాలును. కావున ఫాల్గుణమున చామంతి పూలు తగ్గినవని ఎరువు మీద ఎరువు వేయుట వృథా. పూచి వాడిన కొమ్మలను కత్తిరించి, మొదటనున్న పిలకలను ఎండ తగలని చోట కాపాడుకొన్న చాలును.

మల్లె సంగతి వేరు. దానికి మొదట విశ్రాంతి, పిదప వేడి కావలెను. చలికాలమున కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్ళు నీరు మాన్పి, తరువాత ఎరువు వేసి తడి పెట్టినచో క్రొత్తచిగురు వచ్చి, ఆ చిగురు కొసలనే మొగ్గ తొడుగును. మైలవరము వైపు మల్లెతోటల రైతులకు ఇది తరతరముల విద్య. పెరటిలో నాలుగు పొదలు పెంచువారికిని ఇదే పద్ధతి వర్తించును.

కాగితపు పూలతీగకు కొంత దాహమే మేలు. మనము పూలని భ్రమపడు ఎర్రని, ఊదారంగు రేకులు నిజముగ ఆకులే. వాని నడుమ సన్నగా తెల్లగా నున్నవే పూలు. నీరు తగ్గినప్పుడు ఈ తీగ రంగు చూపును. నీరు మిక్కిలి పోసినచో పచ్చని ఆకులతో గోడయంతయు అల్లుకొని ఊరకుండును. వాన లిల్లీ ఇందుకు విరుద్ధము. నెలల తరబడి దుంపగా నేలలో దాగియుండి, వేసవిలో ఒక మంచి జల్లు పడిన కొలది దినములకే పూచును. ఎన్ని బిందెలు పోసినను దానికి వాన పడినట్లుండదని మా అనుభవము. రాధామనోహరము సాయంకాలము తెల్లగా విచ్చి, మరునాటికి గులాబిరంగు, ఆ పిమ్మట ఎరుపు దాల్చును. రాత్రి తిరుగు రెక్కలపురుగులను తెలుపు పిలుచును. పగలు వచ్చు తేనెటీగలను ఎరుపు పిలుచును.

ఇవి తెలియక మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పవలెను. ఒక యేడు ఫాల్గుణ బహుళమున ఎనిమిది దినములు వరుసగా ఎండ కాచినది. వేసవి వచ్చినదని నమ్మి, పెరటిలోని అన్నిటికిని పూటకొక తడవ నీరు పోసితిమి. కాగితపు పూలతీగ ఆకులతోనే సరిపెట్టినది. మల్లెలు మాత్రము మొగ్గతో నిండినవి. ఉగాదికి రెండు దినముల ముందు, సాయంకాలమున మా మామ్మగారు పెరటిలో నిలిచి ఆగ్నేయము వైపు చూచి, "గాలి తిరిగింది నాయనా. ముదిరిందా లేదా అని చూడకుండా మొగ్గలన్నీ ఈ పూటే కోసేయండి" అనినారు. పండుగనాటికి మరింత ముదురునని ఆశపడి మేము వినమైతిమి. ఆ రాత్రి పెద్దవాన కురిసినది. తెల్లవారునప్పటికి మొగ్గలు నీరు పట్టి గోధుమరంగుకు తిరిగినవి. వారము తిరుగకముందే మిగిలిన వానిలో మొగ్గపురుగు ప్రవేశించినది. ఉగాది నాడు దేవుని పటమునకు మామ్మగారు నందివర్ధనముల దండ కట్టినారు. మమ్మొక్క మాటయు అనలేదు.

అసలు నష్టము తరువాత తెలిసినది. కృష్ణపై 1855 లో పూర్తియైన ఆనకట్ట నాటినుండి, 1957 లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, మన డెల్టాకు ప్రాణము కాలువలే. వేసవిలో కాలువలు కట్టివేసినచో పెరటిబావిలో నీరు దిగిపోవును. ఉన్న నీరు మొదట మనుష్యులకు, పశువులకు, ఆపైన మొక్కలకు. పూటపూటకు పైపైన పోసిన నీటికి అలవడిన మా మల్లెల వేళ్ళు లోతునకు దిగలేదు. వైశాఖమున నీరు తగ్గగానే ఏడు పొదలలో మూడు ఎండిపోయినవి. వానిలో ఒకటి మామ్మగారు కాపురమునకు వచ్చిన యేట నాటినది.

నాటినుండి మేము కొన్ని నియమములు పాటించుచున్నాము. నీరు పోయుటకు ముందు వ్రేలు రెండంగుళములు మట్టిలోనికి దింపి చూతుము. చల్లగా తగిలినచో ఆనాడు పోయము. పోసిన దినమున తెల్లవారుజామున, వేళ్ళ లోతువరకు దిగునట్లు నిండుగా పోయుదుము. మా నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చును. పోసిన నీరు వేళ్ళకందక ఆ నెర్రెలలో పడి పోవును. అందుచేత ముందుగా నెర్రెలను మట్టితో పూడ్చి, పొదచుట్టు ఎండిన చెరకాకు గాని వరిగడ్డి గాని నాలుగు వ్రేళ్ళ మందమున పరచెదము. చెద పట్టకుండ మొదటికి జానెడు దూరము విడిచెదము. కుండీలను మధ్యాహ్నపు పడమటెండ తగలని తూర్పుగోడ ప్రక్కకు చేర్చెదము. బియ్యము కడిగిన నీరు ఒక్క చుక్కయు వృథా కానీయము.

ఆకాశము మారినప్పుడు చేయవలసినవి వేరు. రేడియోలో వాతావరణ సూచన జిల్లా అంతటికిని వర్తించునట్లు చెప్పుదురు. మన పెరటిపై పడు జల్లును మనమే కనిపెట్టవలెను. ఉక్క హెచ్చి, ఆగ్నేయమున మబ్బు దట్టమైనచో ఆనాటికి నీరు మాని, ముదిరిన మొగ్గను ఆ పూటయే కోయవలెను. వాన వెలిసిన పిమ్మట పాదులలో నిలిచిన నీటిని తీసివేసి, పుచ్చుమొగ్గలను ఏరి దూరముగ పూడ్చవలెను. తుపానులు కార్తికమాసమునకే పరిమితములని తలచరాదు. 1990 మే 9 న కృష్ణా ముఖద్వారమువద్ద తీరము దాటిన పెనుతుపాను వేసవిలోనే వచ్చినది. కావున వైశాఖమునకు ముందే తీగపందిళ్ళను గట్టిగా బిగించుకొనుట మంచిది.

అన్నిటికంటె మేలైనది ఒక చిన్న పుస్తకము. గాలి తిరిగిన దినము, మొదటి మల్లె విచ్చిన దినము, వేపపూత రాలిన దినము, వాన పడిన దినము — ఒక్కొక్క పంక్తి చాలును. జపాను దేశమున క్యోటో నగరములో చెర్రీపూల సంబరముల తేదీలు తొమ్మిదవ శతాబ్దినుండి దొరకుచున్నవి. ఆ లెక్కల వలననే 2021 లో మార్చి 26 న ఆ చెట్లు నిండుగ పూయుట అప్పటికి పండ్రెండు వందల యేండ్లలో మిక్కిలి ముందని తెలిసినది. నాడు తేదీలు వ్రాసికొన్నవారు శాస్త్రజ్ఞులు కారు. మన పెరటి పుస్తకము అంతటిది కాకపోవచ్చును; కాని మూడు నాలుగు సంవత్సరములు వ్రాసినచో, ఎనిమిది దినముల ఎండను చూచి వేసవియని మోసపోము.

ఎండిపోయిన ఆ పాతపొదకు మామ్మగారు ఏనాడో నేలంటు త్రొక్కి, ఒక పిల్లమొక్కను మా మేనత్తగారింటికి ఇచ్చియుండిరి. ఆ మరుసటి తొలకరిలో మా అత్తయ్యగారు దానికి మరల అంటు త్రొక్కి మాకు తెచ్చి యిచ్చినారు. గడచిన మూడు వసంతములుగా అది పూచుచున్నది. ఈ యేడు దాని మొదటి పువ్వు ఫాల్గుణ పౌర్ణమి నాడు విచ్చినదని మా పుస్తకమున వ్రాసికొన్నాము.