పాతబస్తీలో లెప్టోస్పైరోసిస్: ఎలుక, కుక్క, వరదనీరు

2020 అక్టోబరు వర్షాలకు గుర్రం చెరువు కట్ట తెగి, హైదరాబాద్ పాతబస్తీలోని హఫీజ్ బాబానగర్ వంటి పల్లపు ప్రాంతాలు నీట మునిగాయి. లెప్టోస్పైరోసిస్ వ్యాప్తికి ఇటువంటి నిలువనీరు మిక్కిలి అనుకూలం. ఎలుకలు, వ్యాధి సోకిన కుక్కలు మూత్రం ద్వారా విసర్జించే సూక్ష్మజీవులు తడినేలలో వారాల తరబడి జీవించి, కాళ్ళ పగుళ్ళ గుండా మనిషిలో ప్రవేశిస్తాయి. కుక్క పైకి ఆరోగ్యంగా కనబడుతూనే నెలల తరబడి వీటిని విసర్జించవచ్చు. పెంపుడు కుక్కలకు ఏటా టీకా వేయించవచ్చు. వీధికుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సతో పాటు అందేది ప్రధానంగా రేబిస్ టీకాయే. పైగా టీకాలో లేని సీరోవార్‌ల నుండి రక్షణ అంతంతమాత్రమే. కనుక ఇక్కడ చెత్తకుప్పల తొలగింపు, ఎలుకల నివారణ టీకాకన్నా ముందు రావాలి. మనుషులలో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెర్రబడటం కనిపిస్తే డెంగీ అని సరిపెట్టుకోక, వరదనీటిలో నడిచారా అని వైద్యులు విచారించాలి. తొలి రోజులలో ఆరంభిస్తే డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది.