చెప్పు జారితే తెలుస్తోందా?

అడుగు తడబడితే లోపం కాలిలో ఉందనుకుంటారు. చాలాసార్లు దాని మూలం మెదడులో, అక్కడి నుంచి చీలమండ దాకా సాగే నరాల దారుల్లో ఉంటుంది. చికిత్స మాత్రం కాలి దగ్గరే ఆగిపోతోంది

నడక సరిగా సాగడం లేదంటూ వచ్చిన రోగిని మన న్యూరాలజిస్టులు అడిగే ప్రశ్న ఒకటుంది: ''నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్లు మీకు తెలుస్తోందా?'' హవాయి చెప్పుల దేశంలో ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. చెప్పు జారుతున్నట్లు తెలుస్తున్నా పట్టి ఉంచలేకపోతుంటే కండరానికి ఆదేశం సరిగా అందడం లేదని అనుమానిస్తారు. చెప్పు ఎప్పుడు జారిందో కూడా తెలియకపోతే, పాదం నుంచి పైకి వెళ్లాల్సిన కబురు దారిలో ఎక్కడో ఆగిపోతోందన్నమాట. స్కానింగ్‌కు రాయకముందే రెండు దారుల్లో ఏది దెబ్బతిందో వైద్యునికి తొలి సూచన దొరుకుతుంది.

ఆ రెండు దారులకూ నిత్యం పని కల్పించేది చీలమండ. మనిషి కదలకుండా నిలబడినా దానికి తీరిక ఉండదు. కళ్లు మూసుకుని నిలబడితే ఆ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. ఒళ్లు ముందుకూ వెనక్కూ సన్నగా ఊగుతుంటుంది, పిక్కలు సర్దుకుంటూనే ఉంటాయి. నడిచేటప్పుడు ముందుకు కదిలే కాలి వేళ్లకూ నేలకూ మధ్య ఉండే ఎడం ఒకటి, రెండు సెంటీమీటర్లకు మించదు. ఆ కాస్త ఎత్తు తగ్గినా గడప తగులుతుంది.

లోయలో చిరునామా

మెదడులో పాదం స్థానమెక్కడో స్పష్టంగా చూపిన ఘనత మాంట్రియల్‌కు చెందిన న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్‌ది. మెలకువగా ఉన్న రోగుల మెదడు ఉపరితలాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకుతూ ఆయన, ఎడ్విన్ బోల్డ్రే కలిసి 1937లో పటం ప్రచురించారు. ముఖం, చేయి మెదడు బయటి వైపు విశాలంగా పరుచుకుని ఉంటే పాదం మాత్రం రెండు అర్ధగోళాల మధ్యనున్న లోయలో దాక్కుని ఉంటుంది. దానికి రక్తం తెచ్చే ధమని కూడా వేరు. కొందరిలో చేయి బాగానే ఉండి కాలు మాత్రమే పడిపోవడానికీ, మరికొందరిలో కాలు కోలుకున్నా చేయి లేవకపోవడానికీ ఒక కారణం ఈ భౌగోళికమే.

అక్కడి నుంచి బయల్దేరిన ఆదేశం వెన్నుపాము కింది భాగం మీదుగా కాలి కండరాన్ని చేరడానికి పట్టేది దాదాపు 30 మిల్లీసెకన్లు. అయితే కండరాలన్నీ మెదడు మాటకు ఒకేలా కట్టుబడి ఉండవు. మోకాలి కింద, ముందు వైపున ఉండి పాదాన్ని పైకెత్తే కండరం మెదడు నుంచి నేరుగా వచ్చే ఆదేశంపై ఎక్కువగా ఆధారపడుతుంది. పిక్క కండరానికి వెన్నుపాము స్థాయిలోని ప్రతిచర్యల అండ ఎక్కువ. పక్షవాతంలో దారి తెగితే మొదటిది చచ్చుబడిపోతుంది, పై నుంచి అదుపు తప్పిన రెండోది బిగుసుకుపోతుంది. పాదం కిందికి వాలి నేలను ఈడుస్తుంది. ఇంట్లోవాళ్లు చూసేది ఈడ్చే కాలినే.

పాదాన్ని చూసి మెదడు సంగతి చెప్పవచ్చని 1896లోనే పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ నిరూపించారు. అరికాలి అంచును గీస్తే ఆరోగ్యవంతుల్లో బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. మెదడు నుంచి దిగే దారి దెబ్బతిన్న వారిలో పైకి లేస్తుంది. ఆ దారి ఇంకా పక్వానికి రాని పసిపిల్లల్లోనూ పైకే లేస్తుంది. ఎంఆర్‌ఐ యంత్రాలు వచ్చినా వార్డులో వైద్యుడు ఇప్పటికీ రోగి అరికాలిని గీసి చూస్తాడు.

నెలలు నిండకుండా పుట్టే పిల్లలది మరో కథ. కాళ్లకు వెళ్లే నరాల తంతువులు మెదడు మధ్యలోని ద్రవపు గదులను ఆనుకునే సాగుతాయి. అకాల జననంలో తేలిగ్గా దెబ్బతినే చోటు కూడా అదే. అలాంటి పిల్లల్లో కొందరు చేతులతో బాగానే ఆడుకుంటారు కానీ మునివేళ్ల మీద, కాళ్లు కత్తెరలా పడేలా నడుస్తారు. పుట్టుక సమయంలోని ఇబ్బందులకూ ఈ బిగుసుకుపోయిన కాళ్లకూ ఉన్న సంబంధాన్ని లండన్ వైద్యుడు విలియం లిటిల్ 1861లోనే వివరించారు.

పైకి వెళ్లే కబురు

ఆదేశం దిగడం ఎంత ముఖ్యమో సమాచారం పైకి చేరడమూ అంతే ముఖ్యం. బెల్జియంలోని ల్యువెన్‌లో 20 మంది యువకులు, 20 మంది పెద్ద వయసు వారిపై జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. స్కానర్‌లో ఉన్నవారి పాదాల స్నాయువులకు ప్రకంపన కలిగించి, మెదడు ఎక్కడ స్పందిస్తోందో చూశారు. వారినే కళ్లు మూసుకుని నిలబెట్టి ఎంత ఊగుతున్నారో కొలిచారు. పాదం పంపిన కబురుకు మెదడులోని కొన్ని భాగాలు గట్టిగా స్పందించినవారే స్థిరంగా నిలబడగలిగారు. అంటే సమతూకం కాళ్ల బలానికి మాత్రమే సంబంధించింది కాదు, పాదం చెప్పేది మెదడు ఎంత శ్రద్ధగా వింటుందన్నదీ ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం కిందపడి మరణించేవారు ప్రపంచవ్యాప్తంగా ఏటా 6.84 లక్షల మంది. 2011 జనాభా లెక్కల నాటికే 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్న భారత్‌కు ఇది చిన్న విషయం కాదు. మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారికి ముప్పు మరింత ఎక్కువ.

దారి మళ్లీ వేయొచ్చా?

ఊరట కలిగించే విషయమేమిటంటే ఈ దారులు రాతి మీద చెక్కినవి కావు. స్కానర్‌లో నడవడం కుదరదు కాబట్టి అమెరికాలో బ్రూస్ డాబ్‌కిన్ బృందం చీలమండ ఎత్తడాన్నే నడకకు కొలమానంగా ఎంచుకుంది. శిక్షణతో నడక మెరుగుపడ్డ కొందరు పక్షవాత రోగుల్లో మెదడు పనిచేసే తీరు కూడా మారిందని 2004లో ఆ బృందం చూపింది. అదే ఏడాది కోపెన్‌హేగన్ పరిశోధకులు ఇంకో మెలిక పట్టుకున్నారు. తెర మీది గీతను చీలమండ కదలికతో అనుసరించే కసరత్తును 32 నిమిషాలు చేసినవారిలో కాలికి సంబంధించిన మెదడు భాగం చురుకెక్కింది. ఎవరో పాదాన్ని పట్టుకుని ఆడించినప్పుడు, ఏ లక్ష్యమూ లేకుండా ఊరికే కదిలించినప్పుడు ఆ మార్పు రాలేదు. మంచం మీది మనిషి కాలికి నూనె రాసి, పాదాన్ని అటూఇటూ వంచితే చాలనుకునే కుటుంబాలు గమనించాల్సిన సంగతిది. కీలు బిగుసుకుపోకుండా ఆ సేవ అవసరమే, కానీ నేర్చుకోవాల్సింది రోగి మెదడు.

అభ్యాసం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుగు ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. 1981లో ప్రమాదం తర్వాత కుడి కాలు కోల్పోయిన సుధాచంద్రన్ జైపూర్ కాలితో 1984లో మళ్లీ వేదికెక్కారు. మరుసటి ఏడాది 'మయూరి'లో తన కథలో తానే నటించారు. రబ్బరు పాదానికి కండరం లేదు, నరం అసలే లేదు. తాళం తప్పకుండా అడుగు వేయడాన్ని మళ్లీ నేర్చుకున్నది మిగిలిన శరీరం, దాన్ని నడిపే మెదడు.

ఇంటికి పంపాక

అలాంటి అభ్యాసానికి తోడు నిలిచేవారెవరన్నదే అసలు సమస్య. ఫిజియోథెరపిస్టులు దొరకని చోట కుటుంబ సభ్యులకే శిక్షణ ఇస్తే సరిపోతుందా అన్నది తేల్చడానికి దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులపై 'అటెండ్' పేరిట పరిశోధన జరిగింది. 2017లో 'లాన్సెట్'లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించింది. ఆరు నెలల తర్వాత మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి ఇరువర్గాల్లోనూ 47 శాతమే. కొత్త ఆధారాలు వస్తే తప్ప ఈ భారాన్ని కుటుంబాల మీదికి మళ్లించే సేవలపై పెట్టుబడి పెట్టడం తగదని పరిశోధకులు తేల్చారు.

ప్రేమ ఉన్న చేతులకు లోటు లేదు. నిపుణత ఉన్న చేతులు జిల్లా ఆస్పత్రి గడప దాటి రోగి ఇంటిదాకా రావడమే కావాలి. చెప్పు జారుతోందా అన్న ప్రశ్నను ఆస్పత్రిలో చేరిన రోజు అడిగితే సరిపోదు. డిశ్చార్జి అయిన ఆరు నెలలకు కూడా ఆ గుమ్మం ముందు నిలబడి ఎవరో ఒకరు అడగాలి.