కష్టము కీర్తనయైన విధము

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల భజనగోష్ఠులలో నేఁటికిని వినవచ్చు ‘ఇక్ష్వాకు కులతిలక’ యను కీర్తన చెఱసాలలోఁ బుట్టినదని ప్రసిద్ధి. 17వ శతాబ్దమున పాల్వంచ తహసీలుదారైన కంచెర్ల గోపన్న సర్కారుసొమ్ముతో భద్రాచలమున రామాలయము కట్టించి, గోలకొండ చెఱలోఁ బడెను. ఆయననే మనము రామదాసందుము.

ఈ కీర్తనలో నాయన స్వామికి లెక్క యొప్పగించెను. సీతమ్మ చింతాకుపతకమునకే పదివేలు పట్టెనట! ఆ నగలు పెట్టుకొని తిరుగు రాముని గట్టిగా నిష్ఠురములాడెను. తుదకు, దెబ్బల కోర్వలేక తిట్టితినని మన్నింపు వేఁడెను.

విద్యార్థులారా, కోపము గాని, దానికిఁ గారణమైన నొప్పి గాని, పిదపఁ గలిగిన పశ్చాత్తాపము గాని ఆయన దాఁచలేదు. అందుచేతనే యొక ఖైదీ బాధ యందఱి పాటయైనదని మేము తలఁచుచున్నాము.