ఒకే గది.. నాలుగు చేతులు

జంటగా వస్తామనగానే తోట యజమానురాలు ఫోన్లోనే సంబరపడిపోయింది. కారణం కూడా దాచుకోలేదు. ఇద్దరికీ ఒకే గది, ఒకే దోమతెర చాలు. పనికి మాత్రం నాలుగు చేతులు. పైగా ఒంటరిగా వచ్చినవాళ్లు విసుగు పుడితే చెప్పాపెట్టకుండా సంచి సర్దేస్తారట. మొగుడూ పెళ్లాలైతే ఒకరు అలిగినా రెండోవాళ్లు సర్దిచెప్పి ఆపుతారని ఆవిడ ధీమా.

ఆ తోట హవాయిలోని బిగ్ ఐలాండ్‌లో, తూర్పు తీరాన పునా ప్రాంతంలో ఉంది (మన పుణె కాదు). రోజూ ఒకపూట పని చేస్తే తిండీ పడకా తోటవాళ్లవి. చేతికి డబ్బు రాదు. ‘వూఫింగ్’ అనే ఈ పద్ధతి 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది. లండన్‌లో సెక్రటరీగా పనిచేస్తున్న స్యూ కొపార్డ్‌కు పల్లెగాలి మీద మనసు పోయింది. ససెక్స్‌లోని ఎమర్సన్ కాలేజీ పొలంలో శని, ఆదివారాలు పనిచేస్తామని అడిగి, కొందరిని వెంటబెట్టుకుని వెళ్లింది. ఇవాళ అది వందకు పైగా దేశాలకు పాకింది.

పునాలో దిగాక ముందుగా తెలిసొచ్చేది అక్కడ మట్టి లేదన్న సంగతి. అంతా కిలావేయా అగ్నిపర్వతం పోసిన లావా. 2018లో అది మళ్లీ పొంగి ఈ ప్రాంతంలోనే ఏడు వందల ఇళ్లను మింగేసింది. గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. పక్కనే ఉన్న హీలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది గానీ, పడ్డ నీళ్లు పడ్డట్టే రాతి సందుల్లోకి జారిపోతాయి. అందుకే ఇళ్ల కప్పుల మీది వాననీటిని ట్యాంకుల్లోకి పట్టుకుంటారు. మట్టిని మాత్రం చేత్తో తయారుచేసుకోవాల్సిందే. గెల కోసేసిన అరటిచెట్టును నరికి, బోదెను నిలువునా చీల్చి, తడి ఉన్న లోపలి భాగం కిందికి వచ్చేలా పిలకల చుట్టూ పరుస్తారు. దాని మీద గ్లైరిసీడియా కొమ్మలు కప్పుతారు. కొన్ని వారాలాగి ఆ డొప్ప ఎత్తితే కింద నల్లటి మెత్తటి పొర, దాన్నిండా వానపాములు. చొక్కాలకంటిన అరటి మరకలు మాత్రం ఏ సబ్బుకూ లొంగలేదు.

ఆకుకూర కడగడం అక్కడ మరో చదువు. ఎలుకల్లో ఉండే ఒక పరాన్నజీవి, నత్తల్లోకీ గుల్లలేని నత్తల్లోకీ చేరుతుంది. ఆ నత్తపిల్ల ఒకటి ఆకు మడతలో నక్కి మన నోట్లోకి పోయిందంటే పురుగు మెదడు దాకా ప్రయాణిస్తుంది. అందుకే కట్ట మొత్తం నీళ్లలో ముంచి తీస్తే కుదరదు. ఒక్కో ఆకునూ వెలుతురుకు పట్టి, రెండు వైపులా చూసి, ధారగా పడే నీటి కింద వేలితో రుద్దాలి. సేంద్రియం అనగానే కోసుకుని కరకర నమిలేయడమే అనుకునేవాళ్లు ఈ పని ఓ పూట చేయాలి.

రాత్రిళ్లు కోకీ కప్పలు. పోర్టోరికో నుంచి ఎలాగో వచ్చిపడిన ఈ బొటనవేలంత కప్పలు తెల్లవార్లూ తమ పేరే అరుస్తాయి. వాటికి అలవాటు పడాల్సిందే.

చేమదుంప దగ్గర మాత్రం ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. అక్కడివాళ్లు దాన్ని ఉడికించి, దంచి, ‘పోయ్’ అనే ముద్ద చేస్తారు. హవాయి పురాణంలో చేమ మొక్క మనుషులకు అన్నగారు. నేను దాన్ని ఆవాలూ ఎండుమిర్చీ వేసి వేయించి పెడితే అన్నగారికి మర్యాద తక్కువైందేమో తెలీదు గానీ, గిన్నె ఖాళీ అయింది.

ఇక మా ఇద్దరి సంగతి. ఇంట్లో అంట్లు నీవి, బట్టలు నావి అని పంచుకుని బతికే మనుషులం ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు చూసేదెప్పుడు? ఒకే వరుసలో తుంగ పీకమంటే మా ఆయన పైపైన లాగేసి చివరికి చేరుకుని నిలబడేవాడు. నేను గడ్డలతో సహా తవ్వుతూ సగంలోనే ఉండేదాన్ని. ‘‘ఎంతసేపే?’’ అనేవాడు. వారం తిరిగేసరికి తన వరుసలో తుంగ మళ్లీ లేచింది. అప్పట్నుంచి నా వెనకే కూర్చుని, నేను తవ్విన చోట గడ్డలు ఏరడం మొదలెట్టాడు. సముద్రపు ఒడ్డు ఫొటోల్లో ఈ ముచ్చట కనబడదు.

కోనసీమ నుంచి మా మామయ్యగారి ఫోను: ‘‘టిక్కెట్లు పెట్టుకుని కూలికి పోవడమేంటమ్మా? ఇక్కడ మన తోటలో కొబ్బరిమట్టలు ఏరేవాళ్లు లేరు.’’ నవ్వేశాం గానీ ఆ మాటలో పస ఉంది. నాట్లప్పుడు ఒకరి చేలో ఒకరు బదులుకు పనిచేయడం మనకు తెలిసిందే. మన దగ్గర ఇద్దరూ రైతులే కాబట్టి చెల్లుకు చెల్లు. హవాయి తోటలో సంతకు వెళ్లే బొప్పాయి బుట్ట వెనక జీతంలేని చేతులున్నాయి. వచ్చినవాళ్లకు పని నేర్పే తోటతో నాకు పేచీ లేదు. మనుషుల్ని మార్చి మార్చి కలుపు తీయించుకుని పంట అమ్ముకునే తోట మాత్రం, పక్కనే కూలి ఇచ్చి పండించే రైతు కడుపు కొడుతున్నట్టే.

చట్టం కూడా దీన్ని సరదాగా చూడదు. 2025లో ఒక బ్రిటన్ యువతి పర్యాటకురాలిగా వచ్చి, బసకు బదులు ఇంటిపని చేసిందన్న కారణంతో అమెరికా అధికారులు ఆమెను దాదాపు మూడు వారాలు నిర్బంధించారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు కంపెనీ పని తప్ప వేరే పని చేసే వీల్లేదు. మాకు గ్రీన్‌కార్డులు వచ్చాకే బయల్దేరాం.

వెళ్లాలనుకునే జంటలు యజమానిని ముందే అడగాల్సినవి ఉన్నాయి. ఇద్దరికీ సెలవు ఒకేరోజు ఇస్తారా? ఆయన చేతికి కత్తి, ఆవిడ చేతికి గరిటె అని పంచేస్తారా? ఒకరికి జ్వరం వస్తే రెండోవారి గంటలు పెంచుతారా? ఈ చివరిదానికి ‘‘వచ్చాక చూద్దాం’’ అన్నారంటే టిక్కెట్లు కొనకండి.