రింగుల జుట్టుకి ఇస్త్రీయా?

తెరమీద హీరోయిన్ జుట్టు జలజలా జారుతుంటే, హాల్లో అమ్మాయి చెయ్యి తన రింగుల మీదికి పోతుంది. ఇంకేం, ఇంటికెళ్ళగానే ఇస్త్రీపెట్టె! 1960లలో అమెరికా అమ్మాయిలు నిజంగానే జుట్టుని బల్లమీద పరిచి ఇస్త్రీ చేసుకున్నారు. మీరు మాత్రం ఆ సాహసం చెయ్యకండి.

అసలు కిటుకు నీళ్ళలో ఉంది. తడిస్తే వెంట్రుక లోపలి పట్టు సడలుతుంది; ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే బిగుస్తుంది. అందుకని తలంటుకుని, సగం ఆరాక వెడల్పుపళ్ళ దువ్వెనతో చిక్కుతీసి, పాయలుపాయలుగా తలచుట్టూ ఒకేవైపు చుట్టి పిన్నులు పెట్టండి. పైన పాత పట్టుగుడ్డ కట్టండి. పూర్తిగా ఆరాకే విప్పాలి సుమా! ఒత్తుజుట్టుకి పూటంతా పట్టొచ్చు, ఆదివారం పెట్టుకోండి.

స్ట్రెయిటనర్ ఉందంటారా? తడిజుట్టు మీద పెట్టారో, లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి. అక్కడే పుటుక్కుమంటుంది! వేడి 180 డిగ్రీలు దాటనివ్వకండి. స్ట్రెయిటెనింగ్ సీసాల మీద ఫార్మాల్డిహైడ్ అని కనిపిస్తే కొనకండి, అది క్యాన్సర్ కారకం.

ఇంతా చేసి సాయంత్రం విశాఖ బీచికెళ్తే, ఆ తేమగాలికి రింగులు మళ్ళీ హాజరు! రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతులకి రాసుకుని చివళ్ళకి అద్దితే, చెదిరిన జుట్టు కాస్త అణుగుతుంది.